బోడిమెట్టు ఎక్కి దిగేదాకా తమిళమే

పోయిన నెల ఒక పాఠకురాలు కింద వ్యాఖ్యల్లో అడిగింది: "మేం మదురై దాకా వస్తున్నాం. మీ వైపు శరత్తులో ఫొటో తీయదగ్గ కొండదారి ఏదైనా ఉందా?" ఉంది, ముందు నేను వెళ్ళొచ్చి చెబుతాను అని జవాబిచ్చాను. నిజం చెప్పాలంటే ఆవిడ అడక్కపోయినా నేను ఎక్కడికో ఒకచోటికి పోయేదాన్నే. ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఆవిడ పుణ్యమా అని పోవడానికి ఒక చోటు దొరికింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. నాది కోవిల్‌పట్టి. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, చెవికుట్టు వేడుకలు ఫొటోలు తీసి బతికాను. ఇంట్లో నేనూ అక్కా, ఇద్దరమే. అక్క అగ్గిపెట్టెల కంపెనీలో గుమాస్తాగా చేసేది. ఈ ఎండాకాలంలో పోయింది. మా పూర్వీకులు ఎన్ని తరాల కిందటో ఈ నల్లరేగడికి వచ్చి సేద్యం చేసుకున్న తెలుగువాళ్ళు. బళ్ళో తమిళం, బజార్లో తమిళం, గుళ్ళో తమిళం. తెలుగు మాత్రం గడప లోపలే. చెప్పులు గడప బయట విడిచినట్టు, తెలుగును గడప లోపల విడిచి వీధిలోకి పోతాం. మీరు చదువుతున్న ఈ అక్షరాలు నేను నలభై దాటాక ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని దిద్దుకున్నవి. అక్కకు ఆ సరదా లేదు. "నోట్లో మాట ఉండాది గదా, రాతేంటికి?" అనేది.

అక్క పోయాక ఇంట్లో తెలుగు కూడా పోయింది. చుట్టాల్లో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు, చిన్నవాళ్ళకు తమిళమే. పాలు పొంగినప్పుడు స్టవ్వును తిట్టుకుంటాను, అంతే, రోజు మొత్తానికి నా తెలుగు. మాతో మాట్లాడొచ్చుగా అంటారు మీరు. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకావిడ అభిమానంగా ఫోన్ చేసింది. నేను రెండు ముక్కలు మాట్లాడానో లేదో కిలకిలా నవ్వి, "తమిళావిడైనా తెలుగు ఎంత బాగా నేర్చుకున్నారండీ!" అంది. ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచి మీతో రాతే తప్ప మాట లేదు. నాకు కావలసింది పెద్దదేం కాదు. "యాడికి పోతాండవు? కూడు తింటివా?" అని మా ఇంటి తెలుగులో అడిగే నోరు ఒక్కటి కావాలి. అది దొరికేది కాదు కాబట్టి కెమెరా సంచీ సర్దుకున్నాను.

కోవిల్‌పట్టి నుంచి బోడిమెట్టు దాదాపు రెండొందల కిలోమీటర్లు. తేని జిల్లాలో బోడినాయకనూరు దాటాక, తమిళనాడు నుంచి కేరళలోకి ఎక్కే కనుమ అది. దాదాపు నాలుగున్నర వేల అడుగుల ఎత్తు, పదిహేడు హెయిర్‌పిన్ మలుపులు. బస్సులో అయితే మదురై, తేని, బోడి అని మారుకుంటూ పోయి, బోడిలో మున్నారు బస్సెక్కి కనుమ మీద దిగొచ్చు. మదురై నుంచి బోడికి రైలు కూడా ఉంది, అక్కడ జీపు మాట్లాడుకోవచ్చు. కాని ట్రైపాడ్ మోసుకుని, ప్రతి మలుపులోనూ ఆపండి ఆపండి అనే నాబోటిదాన్ని ఏ బస్సువాడు భరిస్తాడు? కారు మాట్లాడుకున్నాను. కిలోమీటరుకు పద్నాలుగు రూపాయలు, డ్రైవరు బత్తా, టోలు వేరే. ఒక్క మనిషికి దండగే. నలుగురైతే హాయిగా సరిపోతుంది. నలుగుర్ని ఎక్కణ్ణుంచి తేను?

డ్రైవరు పేరు సెల్వం. నా స్టూడియో పక్కన జిరాక్సు కొట్టతను కుదిర్చిపెట్టాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద ఏమీ లేదు, బండిలో దేవుడి బొమ్మ లేదు, పాటలు పెట్టడు. తెల్లవారుజామున నాలుగింటికి రమ్మంటే పదినిమిషాల ముందే వీధి మొదట్లో నిలబెట్టి ఉంచాడు. కొండ ఎక్కి దిగేదాకా మేం మాట్లాడుకున్నదంతా తమిళమే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"సీటు వెనక్కి జరుపుకోండమ్మా, ఒక కునుకు తీయొచ్చు."

"నాకు నిద్ర పట్టదు తంబీ. నువ్వు నెమ్మదిగా పోనీ, చాలు."

"సరిమ్మా."

అంతే. సాత్తూరు దాటింది, విరుదునగర్ దాటింది, తిరుమంగళం దగ్గర హైవే వదిలి ఉసిలంపట్టి రోడ్డెక్కాం, ఇంకో మాట లేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు. అద్దంలో నా మొహం చూసుకుంటే పెళ్ళి ఫొటోల్లో చివరి వరసలో నిలబడే దూరపు చుట్టంలా ఉంది. తెల్లవారేసరికి ఉసిలంపట్టి. ఐప్పసి నెల కదా (మీ లెక్కలో ఆశ్వయుజం, కార్తీకం కలిసేచోట), రాత్రి వాన పడి చేలన్నీ తడిసి ఉన్నాయి. ఆండిపట్టి కనుమ దగ్గర గాలిమరలు తిరుగుతుంటే ఒకటి రెండు ఫొటోలు తీశాను. మరీ బాగా రాలేదు. మీరు ఆగొచ్చు, ఆగకపోయినా నష్టం లేదు.

ఆండిపట్టిలో టిఫిను. బస్టాండుకు ఇవతల ఒక చిన్న హోటల్లో ఇడ్లీ, గుమ్మడికాయ సాంబారు. నలభై రూపాయల్లో కడుపు నిండింది. వడ్డించే ఆమె నా సంచీ చూసి, "సినిమావాళ్ళా?" అంది.

"కాదమ్మా, బోడిమెట్టు రోడ్డు ఫొటో తీయడానికి."

"రోడ్డునా? రోడ్డులో ఏముంది?" అంది. తర్వాత జాలిపడి ఇంకో ఇడ్లీ వేసింది.

సెల్వాన్ని నా ఎదురుగా కూర్చోమన్నాను. "బండి కనబడాలమ్మా," అని బయట అరుగు మీదకు పళ్ళెం తీసుకుపోయాడు. డ్రైవర్లందరూ అట్లాగే అంటారు. నేనూ పట్టించుకోలేదు. ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. అక్క ఉంటే సాంబారులో గుమ్మడికాయ ముక్కలు ఏరి నా పళ్ళెంలో వేసేది. ఆమెకు ఆ ముక్క పడదు. ఆ ఉదయం నా పళ్ళెంలో నా ముక్కలే ఉన్నాయి. ఇంత చిన్నదానికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయా అంటే తిరిగాయి, ఏం చేయను.

తేని, బోడి దాటి ఎనిమిదింపావుకు కొండ మొదట్లో చెక్‌పోస్టు చేరాం. ప్లాస్టిక్ సీసాలుంటే అక్కడే తీసుకుంటారు, స్టీలు సీసా తెచ్చుకోండి. అక్కణ్ణుంచి ఎక్కుడు మొదలు. ముందే చెప్పేస్తున్నాను, శరత్తు అనగానే ఎర్రటి ఆకులు, పసుప్పచ్చటి చెట్లు ఊహించుకుని వస్తే మీకు నిరాశే మిగులుతుంది. ఇక్కడ ఆకు రాలదు. ఇక్కడి శరత్తంటే పచ్చదనం. తూర్పు వాన మొదలై, కొండంతా కడిగినట్టు ఉంటుంది. ఎండాకాలంలో బోసిగా ఉండే బండల మీదనుంచి తెల్లటి సెలయేళ్ళు దిగుతుంటాయి. తొమ్మిదో మలుపు దాటాక చలి, పైకి పోయేకొద్దీ ఏలకులు ఆరబెట్టే పొగ వాసన. రోడ్డు తడిసి ఉంటుంది కాబట్టి ఉదయపు వెలుతురు పడితే దారి ఒక్కటే మెరుస్తుంది, చుట్టూ కొండ నల్లగా ఉంటుంది. ఫొటో తీసేవాళ్ళకు అది పండగే. కొండ ఈ వైపు తూర్పు ముఖం, కనుక పన్నెండు లోపలే మీ పని ముగియాలి. తర్వాత నీడ పడిపోతుంది.

పైనుంచి రెండు మూడు మలుపులు దిగువన, పిట్టగోడ కాస్త వెడల్పుగా ఉన్నచోట బండి ఆపమన్నాను. అక్కడినుంచి కింద ఐదారు మలుపులు ఒకదాని మీద ఒకటి మడతపెట్టిన చీరలా కనిపిస్తాయి. పొడుగు లెన్సు ఉంటే మంచిది, వెడల్పు లెన్సుతో తీస్తే దారి దారంలా సన్నబడిపోతుంది. ట్రైపాడ్ నిలబెట్టాను, ఫ్రేము చూసుకున్నాను, ఇక నొక్కడమే అనుకునేసరికి కిందనుంచి మబ్బు వచ్చింది. వచ్చిందంటే వచ్చింది, కూర్చుంది. దారి లేదు, లోయ లేదు, నా చెయ్యి నాకు కనబడుతుందో లేదో. పదిగంటలైంది, పదిన్నరైంది. సెల్వం బండి అద్దాలు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. ఎదురుగా కేరళ నుంచి దిగే జీపుల హారన్లు వినబడుతున్నాయి, జీపులు మాత్రం మా దగ్గరకొచ్చాకే కనబడుతున్నాయి.

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరుకు ఎదురుచూడటం కొత్తేం కాదు. పెళ్ళికూతురు అలగడం చూశాను, మామగారు అలగడం చూశాను. మబ్బు అలగడం మాత్రం ఇదే మొదటిసారి. పదకొండు అయ్యేసరికి నా ఓపిక అయిపోయింది. చుట్టూ అర్థమయ్యేవాళ్ళు ఎవరూ లేరు కదా అని పిట్టగోడ పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను.

"యేమే మబ్బా, ఈడేమి నీకు పెండ్లా, సావా? ఇంత కొండ ఉండాది గదా, నా మూతి ముందరేనా కూసునేది? లేసి అవతలకి పోవే, దావ ఇయ్యవే సచ్చినదానా!"

ఇల్లు దాటి బయట అంత గట్టిగా తెలుగు మాట్లాడటం నా జన్మలో అదే మొదటిసారి. కొండ వినిపించుకుంది కాబోలు, కాసేపటికి మబ్బు విడిపోయింది. మొత్తం పోలేదు. ఎడమపక్క తెరలా నిలబడి, కుడిపక్క దారిని వదిలింది. వెలుతురు ఏటవాలుగా పడింది. ఆరు మలుపులూ మెరిశాయి. బోడి నుంచి ఎక్కుతున్న ఎర్రబస్సు ఒకటి నాలుగో మలుపులో లైట్లు వేసుకుని తిరిగింది. ఇరవై ఫొటోలు తీశాను. ఆరోదే ఈ పేజీ మీద పెట్టినది. బాగా వచ్చింది, నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ పనిలో ఇంత బాగా వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వచ్చిన వెంటనే పక్కకు తిరిగాను చూపిద్దామని. పక్కన పిట్టగోడ ఉంది. నేను ఊళ్ళో ఏ ఫొటో తీసినా రాత్రి అన్నం తినేటప్పుడు అక్కకు చూపించేదాన్ని. ఆమె మెచ్చుకునేది కాదు, "ఈ పిల్ల మొగం ఏంటికి ఇట్ల పెట్టుకునింది?" అని ఏదో ఒక వంక పెట్టేది. ఆ వంక కోసం ఎంత మొహం వాచిపోయానో ఆ పిట్టగోడ దగ్గర తెలిసింది. చివరికి సెల్వాన్నే పిలిచి చూపించాను. అతను చేతులు చొక్కాకు తుడుచుకుని, కెమెరాను తాకకుండా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించింది. ఫొటోలో నవ్వేదేముంది అనుకున్నాను.

"బాగుందమ్మా. ఇంత దారి ఎక్కామా మనం?" అన్నాడు తమిళంలో.

పైన కనుమ దగ్గర టీకొట్లు, ఏలకుల దుకాణాలు ఉన్నాయి. ఏలకుల టీ పదిహేను రూపాయలు. నేను కట్టుకుపోయిన పులిహోర సగం సెల్వానికి ఆకులో పెట్టిచ్చాను. రెండు చేతులతో తీసుకుని, కారు అవతలి పక్కకు పోయి తిన్నాడు. నేను ఇవతలి పక్క తిన్నాను. మధ్యలో కారు. ఎవరైనా చూస్తే పోట్లాడుకున్నారనుకునేవాళ్ళు. రెండింటికి దిగడం మొదలుపెట్టాం. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, చూయింగ్ గమ్మో వేరుశనగ ఉండో నోట్లో వేసుకోండి. మా కోవిల్‌పట్టి కడలైమిఠాయి అందుకు భేషుగ్గా పనికొస్తుంది. తేని దాటాక కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టలేదు. బాగా వచ్చిన ఫొటో ఒళ్ళో పెట్టుకుని చీకటింటికి పోవడం గురించి ఆలోచిస్తున్నాను.

ఆరు గంటలకు విరుదునగర్. ఇటు వచ్చి నూనె పరోటా తినకుండా పోకూడదు. నూనెలో వేయించి, కరకరలాడుతుంటే చిదిపి, సాల్నా అనే పల్చటి మసాలా పులుసు పోసిస్తారు. సెల్వం మళ్ళీ వేరే బల్ల దగ్గరే. తిని బయల్దేరేసరికి సన్నగా జల్లు మొదలైంది. ఊరి చివర ఎక్కడో, డ్రైవరు ముందున్న స్టాండులో ఫోను మోగింది. సెల్వం చెయ్యి తగిలి స్పీకరు ఆన్ అయింది. ఒక ముసలామె గొంతు కారంతా నిండింది.

"ఒరే సెల్వా, యాడుండావురా? ఈడ వానొస్తాంది. మాడి మీద ఆరేసిన గుడ్డలన్నీ తడిసిపాయె. నీకు కూడు ఎత్తిపెట్టేదా, తింటివా?"

సెల్వం గబుక్కున స్పీకరు ఆపి ఫోను చెవికి పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "వస్తాండా మా. నువ్వు తినేసి పండుకో," అని పెట్టేశాడు. ఆ తర్వాత అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. "కూడు తింటివా?" అదే మాట. అదే సాగదీత.

"సెల్వం, నువ్వు తెలుగా?" అన్నాను తెలుగులోనే.

"అవునమ్మా."

"పొద్దన్నించి ఒక్క మాట సెప్పలేదే!"

"మీరు కొండమీద మబ్బును తిడితిరి గదమ్మా, అప్పుడే నాకు తెలిసిపాయె. నవ్వు ఆపుకోలేకపోతి. మా యమ్మ కూడా అట్లేదా (అట్లాగే) తిడతాది, అదే మాటలు."

"తెలిసీ ఏంటికి సెప్పలా? ఇంత దావ తమిళంలో వస్తిమే!"

"ఇంటి మాట గదమ్మా. బయటోళ్ళతో ఎట్ల మాట్లాడేది?" అని వైపర్లు వేశాడు. "మాట్లాడితే అప్పరం (అంటే తర్వాత) ఇంకోటి అడుగుతారు."

"ఏమడుగుతారు?"

"సుమ్మా, ఊరికే సెప్తినమ్మా. ఇడిసిపెట్టండి."

విడిచిపెట్టాను. నా సంతోషంలో నాకు అది చెవికెక్కితే కదా. ఆ తర్వాత విరుదునగర్ నుంచి సాత్తూరు దాకా, అరగంటో కాస్త ఎక్కువో, మేం మాట్లాడినట్టు పోట్లాడుకునే తోడికోడళ్ళు కూడా మాట్లాడరు. మీ ఇంట్లో రసాన్ని ఏమంటారు అని అడిగాను. "సారు అంటాం. రసమంటే మా యమ్మ గరిటె ఎత్తుతాది," అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా అక్కా అంతే. నా ముందు ఎవరైనా రసమంటే అదేదో హోటల్ వస్తువు అన్నట్టు చూసేది. అతని భార్య తమిళావిడ. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు తమిళంలో ఇస్తారు. "మా యమ్మ ఉండే దాకాదా నాకు ఈ మాట. అప్పరం ఎవురితో మాట్లాడేది?" అన్నాడు. నాకు ఆ అప్పరం వచ్చేసిందని చెప్పాను. అక్క ఎట్లా పోయిందో, ఆ రోజు పొద్దున ఏం వండిందో, ఆస్పత్రికి ఆటోలో పోతూ ఏమందో, అన్నీ చెప్పాను. ఆ సంగతి అప్పటిదాకా అందరికీ తమిళంలోనే చెప్పాను, పదిమందికి చెప్పాను, ఎండిన కళ్ళతో చెప్పాను. తెలుగులో చెబుతుంటే ఏడుపొచ్చింది. సెల్వం బండి నిదానం చేశాడు.

"ఏడవండమ్మా, పరవాలేదు. కారులో మనిద్దరమేదా ఉండాము," అన్నాడు.

కళ్ళు తుడుచుకున్నాక అతనే నన్ను నవ్వించాలని చూశాడు. కిటికీ బయట, వానకు తడిసిన చేలలో పగలు విత్తనం వేసిన చాళ్ళు ఎదురొచ్చే లారీల వెలుతుర్లో కనబడుతున్నాయి. "ఇంత దూరం పోయి రోడ్డును ఫొటో తీస్తిరే, మన నల్ల నేల బాలేదా? ఇది ఎవురు తీసేది?" అన్నాడు.

"దీన్ని ఎవురు సూస్తారురా?" అన్నాను. రా అని నోటినుంచి వచ్చేసింది, తమ్ముణ్ణి అన్నట్టు. అతను ఏమీ అనుకోలేదు. "నేను సూస్తానమ్మా. ఈ వాన యిత్తనానికి మంచిది," అన్నాడు. నాకు ఇల్లు దగ్గరపడుతోందని దిగులు మొదలైంది. ఇంకో రెండొందల కిలోమీటర్లు ఉంటే బాగుండుననిపించింది. ఇతని అమ్మను ఒకసారి చూడాలి, ఆమెను ఇంటికి పిలవాలి, ఆదివారాలు వచ్చి కూర్చోమనాలి, ఇట్లా ఏవేవో అనుకుంటున్నాను. సాత్తూరు వంతెన దాటాం. ఆ పొంగులో, మా ఇళ్ళల్లో కొత్త తెలుగు మనిషి కనబడితే రెండో మాటగా అడిగే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అవును సెల్వం, మీరు మనోళ్ళా?"

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అతను గేరు మార్చాడు. అద్దంలోకి చూడలేదు.

"రోడ్డు తడిగా ఉందమ్మా. బెల్టు పెట్టుకోండి," అన్నాడు.

తమిళంలో.

ఆంధ్రలో ఉన్నవాళ్ళకు ఇది చెప్పకపోతే తెలియదు, అందుకే చెబుతున్నాను. మా కరిసల్ (నల్లరేగడి) ఊళ్ళల్లో నేల ఉన్నవాళ్ళదీ తెలుగే, ఆ నేలలో కూలి చేసినవాళ్ళదీ తెలుగే. మాట ఒకటే, వీధులు వేరు, బావులు వేరు. మా అవ్వ గడపలో నిలబడి, వచ్చినవాళ్ళను ఈ మాటే అడిగేది. మనోళ్ళయితే చాప వేయించేది. కాకపోతే వాళ్ళు వాకిట్లోనే నిలబడి వచ్చిన పని చెప్పుకుని పోయేవాళ్ళు. నేను చుట్టరికం కలుస్తుందేమోనని ఆశపడి అడిగాను, నా మీద ఒట్టు, ఇంకేం లేదు. కాని ఆ మాటను అతను ఎన్ని గడపల ముందు విని ఉంటాడో, వాళ్ళ నాన్న ఎన్నిసార్లు విని ఉంటాడో! అప్పరం ఇంకోటి అడుగుతారు అని అతను ముందే చెప్పాడు. పొద్దుటినుంచి ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికే తమిళంలో ఉన్నాడు. నేను సరిగ్గా అదే అడిగాను.

"సెల్వం, నేను అట్ల అడగలా. చుట్టం అవుతారేమోననిదా..." అన్నాను.

"పరవాలేదమ్మా," అన్నాడు, మళ్ళీ తమిళంలోనే. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, తెలుగులో తిట్టినా బాగుండేది. మర్యాద ఉంది, అంతే. సాత్తూరు నుంచి కోవిల్‌పట్టి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారంతా బయట వాన, లోపల మేమిద్దరం. పొద్దున నాలుగింటికి బయల్దేరినప్పుడు కూడా మాటల్లేవు, కాని ఆ మౌనంలో నాకు ఏమీ తెలియదు. ఇది వేరు.

ఏడుంపావుకు మా ఇంటి ముందు ఆపాడు. సంచీ, ట్రైపాడ్ దించి గడప ఇవతల అరుగు మీద జాగ్రత్తగా ఆనించాడు. నేను తలుపు తీసి, లైటు వేసి, "లోపలికి రా సెల్వం, కాఫీ తాగి పో," అన్నాను తెలుగులో. "అమ్మ చూస్తూ ఉంటుందమ్మా, వస్తాను," అన్నాడు తమిళంలో. బత్తా మీద ఎక్కువిస్తే లెక్క ప్రకారమే తీసుకుని మిగతాది తిరిగిచ్చాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. లోపలికి పోయి చూస్తే పొద్దున కడిగిపెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంది.

రెండు వారాలాగి ఫోన్ చేశాను. ఎట్టయాపురం వైపు చేలు ఫొటో తీయాలి, వస్తావా అని తెలుగులో అడిగాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినబడింది. "బండి ఖాళీ లేదమ్మా, వేరే డ్రైవర్ని పంపిస్తాను," అన్నాడు తమిళంలో. వెనక వాళ్ళమ్మ ఎవరినో కేకేస్తోంది. ఏమంటోందో ప్రతి మాటా అర్థమైంది. ఫోను పెట్టేశాక కూడా కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.

ఫొటో గురించి చాలామంది అడుగుతున్నారు, చాలా బాగుందంటున్నారు. బాగుంది. పెద్దది చేయించి స్టూడియోలో పెట్టాను. చూసిన ప్రతివాళ్ళూ ఒకటే అంటారు, దారి ఎంత బాగా కనబడుతోందో అని. నాకు మాత్రం అందులో ఆ రెండు గంటలు కనబడతాయి. మబ్బులో నేను పిట్టగోడ ఈ చివర, నా తెలుగు అర్థమయ్యే మనిషి ఆ చివర అద్దాలు తుడుస్తూ. నేను మాట్లాడే మనిషి లేడని ఏడుస్తూ. అప్పుడే అతను వచ్చి ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది అని మొదట్లో అతని మీద నిష్ఠూరంగా ఉండేది. ఇప్పుడు లేదు. అప్పుడే అని ఉంటే అప్పుడే అడిగి ఉండేదాన్ని.

మీ ప్రయాణానికి కావలసినవి పైన చెప్పాను. అక్టోబరు మధ్యనుంచి నవంబరు మధ్యదాకా పోండి, పన్నెండు లోపల ఫొటోలు ముగించండి, చలికి ఒక శాలువా ఉంచుకోండి. ఇక ఒక్క సలహా. కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో బండి మాట్లాడుకుంటే, ఎక్కగానే మొదటి మాట తెలుగులో అనండి. అర్థం కాకపోతే అతను తమిళంలో "ఏంటండీ?" అంటాడు, పోయేదేం లేదు. అర్థమై బదులిస్తే మీ అదృష్టం. పిల్లలేం చదువుతున్నారో అడగండి, మోకాళ్ళ నొప్పులకు వాళ్ళమ్మ ఏం రాస్తుందో అడగండి, మీ తెలుగుకు అతను నవ్వితే నవ్వనివ్వండి. మీరు ఎవరోళ్ళు అని మాత్రం అడక్కండి. కోవిల్‌పట్టి నుంచి బోడిమెట్టుకు ఐదు గంటలు పడుతుంది. బోలెడు మాట్లాడుకోవచ్చు.